డబ్బా మీది 3200 గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ 3200 గారికి,

నలుపు తెలుపు ఫిలిం డబ్బా మీద ఫిలిం వేగంగా (అంకె పెరిగేకొద్దీ తక్కువ వెలుతురు చాలని లెక్క) అంత లావు అంకెల్లో కొలువుతీరారు, ‘గారు’ అనక తప్పదు. పక్కనే ఉన్న 400ని ఎవరూ పలకరించరు. రాత్రి నాటకం, గర్భగుడిలో దీపం, కరెంటు పోయిన పెళ్లిపందిరి... ఎక్కడైనా సరే, ఫ్లాష్ లేకుండా లాగించేస్తానని మీ హామీ.

ఆ హామీ సంగతి మీ ఇంటి కాగితాల్లోనే ఉంది. ఇల్‌ఫర్డ్ డెల్టా 3200 టెక్నికల్ షీటు తీస్తే అసలు వేగం ఐఎస్‌ఓ 1000 అని రాసి ఉంటుంది. కోడాక్ టీమ్యాక్స్ పీ3200కి సొంత డెవలపర్‌లో (ఫిలిం కడిగే రసాయనంలో) 1000, వేరేవాటిలో 800. ఎన్నికల అఫిడవిట్‌లో ఒక లెక్క, ఫ్లెక్సీ మీద ఇంకో లెక్క ఉన్నట్టుంది వ్యవహారం. మిగతా 2200 ఎక్కడిదండీ? ట్యాంకులో అదనంగా నానబెట్టి లాగిందేగా! కోడాక్‌వాళ్లు కొంత నయం, పుష్ చేసుకోమని (తక్కువ వెలుతురులో తీసి, ఎక్కువసేపు డెవలప్ చేసుకోమని) చెప్పడానికి అంకె ముందు ఓ ‘పీ’ తగిలించారు.

వేగంతో నాకు పేచీ లేదు. నా గొడవంతా సత్యభామ జడ గురించి.

కూచిపూడివారి ప్రదర్శనలో సత్యభామ జడ చూశారా? రాగిడి, చంద్రవంక, కింద జడకుచ్చులు, మధ్యలో మల్లెలు. నల్లటి జుట్టు మీద నిగనిగ ఒక రకం, పాయల మధ్య నీడ ఇంకో రకం. ఆ రెండు నలుపులూ వేరువేరుగా కనిపిస్తేనే అది టోను. మా మిత్రుడొకడు మీ పేరు మోజులో 400 ఫిలింనే 3200కి పుష్ చేసి తీశాడు. నెగెటివ్ కిటికీకి అడ్డంగా పెట్టి చూశాం. జడ ఉండాల్సిన చోట ఉత్త ప్లాస్టిక్ ముక్క! వెనక దినపత్రిక పెడితే చిన్నక్షరాలు కూడా చదువుకోవచ్చు. మల్లెలేమో తారు పూసినట్టు గడ్డకట్టాయి. ప్రింటులో జడ మసిబొగ్గు, పూలు సున్నం.

ఎందుకలా అంటే, 400 నుంచి 3200కి మూడు స్టాపులు, ఒక్కో స్టాపుకీ వెలుతురు సగం. అంటే ఫిలిం మీద పడింది ఎనిమిదో వంతు వెలుతురే. డెవలపర్‌లో ఎంతసేపు ఊపినా వెలుతురు పడ్డ చోటే ముదురుతుంది. పడని నీడ డీ-76 డెవలపర్ పోసినా పుట్టదు, ఖరీదైన సీసా కొన్నా పుట్టదు. అందుకే నిండైన టోన్లు కావాలన్నవాడు ఏ మాత్రం వెలుతురున్నా హెచ్‌పీ5 ప్లస్సో ట్రై-ఎక్సో (రెండూ 400 ఫిలింలే) ఎక్కించి, వెలుతురు కొలిచే మీటరు 200 దగ్గర పెట్టి, డెవలప్ చేసే టైము కాస్త కోసేస్తాడు. ట్రై-ఎక్స్ 35 ఎంఎంలో 1954 నుంచీ అదే పని చేస్తోంది. ఒక్క రోజూ డప్పు కొట్టుకోలేదు.

మరి మీరు పనికిరారా? అయ్యో, అంత మాట అనలేదు. ఫ్లెక్సీ పక్కన పెట్టి మీ అసలు వయసు 1000 దగ్గరో, మరీ చీకటైతే 1600 దగ్గరో పెడితే మీరు ఎంత నెమ్మదస్తులో! పుష్‌ను తట్టుకోవడానికే తయారయ్యారు కనుక మీ కాంట్రాస్టు పుట్టుకతోనే మెత్తన. నలుపుకీ తెలుపుకీ మధ్య బూడిదరంగు మెట్లు బోలెడు. గ్రెయిన్ (ఫొటోలో ఇసుకలా కనిపించే రేణువులు) అంటారా, వేగం కావాలంటే వెండి స్ఫటికాలు లావుగా ఉండాలి, లావున్నవి కనబడతాయి. 35 ఎంఎం కంటే వెడల్పాటి 120 రోలులో తీస్తే ఆ ఇసుక కూడా చాలావరకు సర్దుకుంటుంది. డెల్టా వారికి ఆ సైజు ఉంది, పీ3200 వారికి లేదు.

మీ దర్జా మాత్రం భరించలేం. ఎయిర్‌పోర్టులో ఎక్స్‌రే కిందికి దూరరు, చేత్తో పట్టుకుని మర్యాదగా చూడాలి. ఇంట్లో ఫ్రిజ్‌లో చోటివ్వాలి, లేకపోతే అలిగి ఫాగ్ (మసక) పట్టేస్తారు. ఆ చోటు కోసం పెరుగు గిన్నె కింది అరకు దిగింది, ఇంట్లో నా పరువూ దాంతో పాటే.

వచ్చే ప్రదర్శనకు మీటరు 1000 దగ్గరే తిప్పుతున్నాను. డబ్బా చింపి చెత్తబుట్టలో వేశాకే లోడ్ చేస్తాను, మీరు నొచ్చుకోకూడదని.

ఇట్లు,
నీడల పక్షపాతి

తా.క.: 2012లో రిటైరై 2018లో మళ్లీ డ్యూటీలో చేరిన పీ3200 గారికి దీని కాపీ విడిగా పంపుతున్నాను. సర్వీసు రికార్డులో ఐఎస్‌ఓ సరిచేసుకోవాలంటే అప్పుడే అడగాల్సింది.