కామెర్లకు కారణం పురుగైతే?

కళ్లు పచ్చబడగానే ‘వైరస్ అయ్యుంటుంది, రెస్ట్ తీసుకుంటే అదే తగ్గిపోతుంది’ అంటారు. హెపటైటిస్ ఎ, ఇ వచ్చిన చాలామందిలో జరిగేది అదే. కానీ పిత్తవాహికలో (కాలేయం నుంచి పేగుకు పైత్యరసాన్ని తీసుకెళ్లే గొట్టంలో) పురుగు అడ్డుపడి వచ్చిన కామెర్లకూ అదే సలహా ఇచ్చి వారాలు గడిపేస్తేనే ప్రమాదం. రెస్ట్‌తో ఆ పురుగు పోదు.

రక్తపరీక్షలో డైరెక్ట్ బిలిరుబిన్ (కాలేయం పైత్యరసంలోకి పంపే పసుపు పదార్థం), ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (పైత్యరసం ఆగితే పెరిగే ఎంజైమ్) బాగా పెరిగి, మూత్రం ముదురు రంగులో వస్తూ, మలం పాలిపోయి, ఒళ్లంతా దురద పెడుతుంటే పైత్యరసం దారి మూసుకుపోయిందని అనుమానించాలి. అడ్డుపడింది రాయా, గడ్డా, పురుగా? ఇక్కడే నాకు బాధ కలిగించే విషయం ఒకటుంది. దాదాపు ప్రతి రోగికీ సీబీపీ (రక్తకణాల లెక్క పరీక్ష) చేస్తారు, అందులో ఇసినోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) లెక్క ఉంటుంది. మైక్రోలీటరుకు 500 దాటితే ఎలర్జీయో, ఏదైనా మందు ప్రభావమో, పరాన్నజీవో అని ఆలోచించాలి. ఫాసియోలా అనే లివర్ ఫ్లూక్ (కాలేయంలో చేరే చదునైన పురుగు) కాలేయంలోకి తొలుచుకుపోయే తొలి దశలో ఇవి విపరీతంగా పెరుగుతాయి. అదనంగా పైసా ఖర్చు లేని ఈ ఆధారాన్ని చాలాసార్లు ఎవరూ పట్టించుకోరు. ఇసినోఫిల్స్ మామూలుగా ఉన్నంత మాత్రాన పురుగు లేదని చెప్పలేం, అది వేరే సంగతి.

మల పరీక్షలో ఏమీ కనబడలేదని నిశ్చింతగా ఉండటమూ తప్పే. ఒంట్లో చేరిన 3, 4 నెలలకు గానీ ఫాసియోలా గుడ్లు మలంలో కనిపించవు. అప్పటిదాకా యాంటీబాడీ పరీక్షే ముఖ్య ఆధారం. హైడాటిడ్ తిత్తి (ఒక రకం బద్దెపురుగు లార్వా వల్ల కాలేయంలో ఏర్పడే నీటిసంచి) ఉన్న మనిషి మలంలో అసలు గుడ్లే ఉండవు. పిత్తవాహికలోకి ఎక్కిన ఏలికపామును మాత్రం అల్ట్రాసౌండ్ చాలావరకు పట్టిస్తుంది: సన్నటి పొడవాటి గొట్టంలా ఉంటుంది, రాయికి పడినట్టు వెనక నీడ పడదు, బతికుంటే స్క్రీన్ మీద కదులుతుంది కూడా.

పురుగు పేరు తేలకుండా మందు రాయడం చీకట్లో బాణం వేయడమే. క్లోనార్కిస్, ఒపిస్థోర్కిస్ ఫ్లూక్‌లకు ప్రాజిక్వాంటెల్ మంచి మందు. ఈ రెండూ ఏళ్ల తరబడి ఉండిపోతే పిత్తవాహిక క్యాన్సర్‌కు దారితీయగలవు కాబట్టి వాటిని వదిలేయకూడదు. అదే ప్రాజిక్వాంటెల్ ఫాసియోలా మీద సరిగా పనిచేయదు, దానికి ట్రైక్లాబెండజోల్ కావాలి. ఏలికపాములకు ఇచ్చే ఆల్బెండజోల్ ప్రభావం ప్రధానంగా పేగులోనే. వాహికలో ఇరుక్కున్న పురుగు తనంతట తాను వెనక్కి రాకపోతే ఈఆర్‌సీపీ (నోటి ద్వారా గొట్టం పంపి పిత్తవాహికను చేరే పద్ధతి) చేసి బయటకు లాగాలి. హైడాటిడ్ తిత్తి పిత్తవాహికలోకి పగిలితే మాత్రలతోనే సరిపెట్టలేం, దాని పొరలు దారిని మూసేస్తాయి. అలాంటి తిత్తిలోకి సూదితో పురుగును చంపే ద్రావణం ఎక్కిస్తే వాహికలే దెబ్బతినొచ్చు.

కామెర్లతో పాటు చలిజ్వరం, కుడి పక్క పైకడుపులో నొప్పి ఉంటే ఏ పురుగో తేలేదాకా ఆగకూడదు. ముందు యాంటీబయాటిక్స్ మొదలుపెట్టి, అడ్డు తొలగించి పైత్యరసం బయటకు పోయే దారి చేయాలి. పురుగును చంపే మందు ఆ తర్వాత. మందు వాడాక కూడా బిలిరుబిన్ దిగకపోతే డోసు పెంచే ముందు మళ్లీ స్కాన్ చేసి చూడాలి. చచ్చిన పురుగు ముక్కలు వాహికలోనే ఉండిపోయి, వాటి చుట్టూ రాళ్లు కట్టొచ్చు.