వాళ్ళ ఒక్క నిమిషం, మన నోరు మూసుకోవడం

ఇప్పుడే మా విజయవాడ పటమటలో మందుల షాపు నుంచి వచ్చాను. ఒళ్ళు మండిపోతోంది.

నా ముందు ఒక పెద్దావిడ బీపీ మాత్రల చీటీ పట్టుకుని, ఏది పొద్దున, ఏది రాత్రి అని అడిగి తెలుసుకుంటోంది. రోడ్డు మధ్యలో కారు ఆపి, ఇంజిన్ కూడా కట్టెయ్యకుండా ఒకాయన దిగాడు. ఆవిడ భుజం మీదుగా చెయ్యి చాపి ఐదొందల నోటు కౌంటర్ మీద పడేశాడు. ఏం కావాలట? షేవింగ్ క్రీమ్! లైన్‌లో రండి అన్నాను. "ఒక్క నిమిషం పని, మీకేంటి మేడమ్ ప్రాబ్లం?" అన్నాడు. షాపతను క్రీమ్ తీసిచ్చేశాడు. నా వెనకున్నాయన "పోనీలెండి, గొడవెందుకు" అన్నాడు. నాతో! ఆ కారాయనతో కాదు!

ఈ మనుషులకి రూల్స్ తెలియక కాదు. వేరేవాడు అడ్డమొస్తే అందరికంటే ముందు అరిచేది వీళ్ళే. రూల్ అందరికీ ఉండాలి, తనొక్కడికీ తప్ప. అందరూ ఇదే పని చేస్తే ఏమవుతుందో ఆలోచించి చెయ్యమని 18వ శతాబ్దంలోనే కాంట్ అనే జర్మన్ తత్వవేత్త చెప్పాడు. వీళ్ళ లెక్కలో ఆ 'అందరూ' లేరు. వాళ్ళ నిమిషానికే విలువ, మన అరగంట ఎవడిక్కావాలి?

ఏలూరు రోడ్డులో చూడండి. అంబులెన్స్‌కి దారివ్వకపోతే 10,000 జరిమానా అని 2019లో చట్టం సవరించారు. సరే, జనం పక్కకి జరుగుతారు. ఆ సందులో అంబులెన్స్ వెనకే దూరిపోయే బైకులూ కార్లూ ఎన్ని! లోపల ఎవరో ప్రాణాలతో కొట్టుమిట్టాడుతుంటే వీళ్ళకది సిగ్నల్ దాటే అవకాశం. ఇంతకంటే నీచం ఉంటుందా?

ఉంటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు చూశాం. మా పిన్ని వాళ్ళిల్లు సందు చివర. సందు మొదట్లో రెండో అంతస్తు ఆయన పడవ ఆపి, పిల్లలున్నారంటూ రెండు కేసుల వాటర్ బాటిల్స్ పైకి లాక్కున్నాడు. పడవ అక్కడే ఖాళీ అయి వెనక్కి తిరిగింది. పిన్ని వాళ్ళు డాబా మీద గిన్నెలు పెట్టి వాన నీళ్ళు పట్టుకుని తాగారు. వరద తీశాక ఆ మహానుభావుడు అవే బాటిల్స్ మూతలు తీసి బైక్‌కి పట్టిన బురద కడుక్కున్నాడు. పిన్ని కళ్ళారా చూసింది.

మరుసటి ఏడాది వినాయక చవితి చందాకి ఆయనే పుస్తకం పట్టుకుని వచ్చాడు. పిన్ని 500 రాసిచ్చింది. ఎందుకిచ్చావే అని ఫోన్‌లో అరిస్తే, "పోనీలేవే, ఒకే వీధిలో ఉండేవాళ్ళం" అంది. ఆ 500 నాకు ఇప్పటికీ మింగుడుపడట్లేదు.