బిల్లు అడగడానికి మొహమాటం ఎందుకు?

మా చెల్లెలిది ఆంధ్రా సరిహద్దులోని ఇచ్ఛాపురం. ఇంటికి ఏది కొనాలన్నా బస్సెక్కి ఒడిశాలోని మా బరంపురం వస్తుంది. మొన్న వేసవిలో ఇక్కడి ఒక దుకాణంలో మిక్సీ కొంది. ధర 3,400 రూపాయలు. "బిల్లు వద్దంటే మూడొందలు తగ్గిస్తానమ్మా" అన్నాడు దుకాణదారు. సరే అంది. చిన్న చీటీ మీద 3,100 అని అంకె రాసిచ్చాడు. పంతొమ్మిదో రోజు పచ్చడి రుబ్బుతుంటే మోటారు కాలి పొగ వచ్చింది. మిక్సీ సంచిలో పెట్టుకుని మళ్లీ బస్సెక్కింది. కౌంటర్‌లో ఉన్న కుర్రాడు చీటీని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మా షాపుదని ఇందులో ఎక్కడుందమ్మా?" అన్నాడు. నిజమే, పేరు లేదు, తేదీ లేదు, కొన్నది మిక్సీ అని కూడా లేదు. సాయంత్రం మా ఇంటికొచ్చి కూర్చుని, "మనదే తప్పులే అన్నయ్యా" అంది.

ఆ మాట నాకు మింగుడు పడలేదు. తప్పు దానిది కాదు. ఇది నా అభిమానం కొద్దీ అంటున్నది కాదు, చట్టమే చెబుతోంది. 2020 జూలై 20 నుంచి అమల్లో ఉన్న 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, సరుకు అమ్మి బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న సరుకును వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వనని మొండికేయడమూ అంతే. బిల్లులో గడువు రాసి ఉంటే ఆ గడువు, రాయకపోతే 30 రోజులు. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని గోడకు ఎంత పెద్ద బోర్డు తగిలించినా, పాడైన వస్తువు విషయంలో అది చెల్లదు. చీర రంగు ఇంటికెళ్లాక నచ్చలేదంటే మాత్రం అది వేరే సంగతి. అక్కడ దుకాణం పెట్టుకున్న నియమమే నడుస్తుంది.

మా చెల్లెలు వెళ్లింది పంతొమ్మిదో రోజున. 30 రోజుల లోపే. కానీ పంతొమ్మిదో రోజని చూపించేది ఏది? బిల్లు లేనప్పుడు ఆ 30 రోజులు ఎప్పుడు మొదలైనట్టు? నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. హక్కు చట్టంలో ఉంటుంది, దాన్ని వాడుకునే తేదీ బిల్లు మీద ఉంటుంది. ఫోన్‌పే చేశాం కదా అంటారు కొందరు. అది డబ్బు ఎవరికి, ఎప్పుడు వెళ్లిందో చెబుతుంది. ఏ వస్తువు కొన్నారో, దాని మోడల్ ఏమిటో, సీరియల్ నంబరు ఎంతో చెప్పదు. ఇక ఆ మూడొందల సంగతి. ఎంఆర్‌పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. దాని మీద మళ్లీ జీఎస్టీ పడుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. బిల్లు వద్దంటే తగ్గించే సొమ్ము మనకిచ్చే రాయితీ కాదు. వారంటీని మన దగ్గర కొనేసుకున్న ధర.

చిన్న దుకాణాల వాళ్ల మాట కూడా విన్నాను. పాతికేళ్లుగా ముఖం చూసి అప్పిచ్చే షావుకారును కాగితం అడిగితే నమ్మకం పోయినట్టు కాదా అంటారు. కొత్తిమీర కట్టకీ బిల్లు రాయాలా అంటారు. జీఎస్టీ చట్టమే 200 రూపాయల లోపు అమ్మకానికి, మామూలు కొనుగోలుదారు అడగకపోతే విడి బిల్లు అక్కర్లేదని సడలింపు ఇచ్చింది. మిక్సీకి, ఫ్యానుకి, పెళ్లి పట్టుచీరకి ఆ సాకు పనికిరాదు. నమ్మకమున్న చోట బిల్లు రాయడానికి రెండు నిమిషాలు చాలు.

సరిహద్దులో బతికే మనకు బిల్లు విలువ ఇంకా ఎక్కువ. 1986 నాటి పాత చట్టంలో, దుకాణం ఉన్న చోటో, వ్యవహారం జరిగిన చోటో ఫిర్యాదు చేయాలి. ఇచ్ఛాపురం మనిషి బరంపురంలో మోసపోతే ఒడిశాలో కేసు వేసుకోవాలి. పరాయి రాష్ట్రం, రాని భాష, ప్రతి వాయిదాకీ బస్సు చార్జీ. ఎవరు వేస్తారు? కొత్త చట్టం దీన్ని తిరగేసింది. కొన్నవాళ్లు తాము ఉంటున్న జిల్లాలోనే, లేదా పనిచేసుకుంటున్న చోటే ఫిర్యాదు చేయొచ్చు. మా చెల్లెలు శ్రీకాకుళం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయొచ్చు. పర్లాకిమిడి వాళ్లు పక్కనే ఉన్న పాతపట్నంలో కొన్న సరుకు పాడైతే గజపతి జిల్లాలోనే వేయొచ్చు. ఐదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, వకీలును పెట్టుకోవాలని లేదు, రెండేళ్ల వరకు వ్యవధి ఉంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకి ఫోన్ చేస్తే తెలుగులోనూ, ఒడియాలోనూ మాట్లాడతారు.

దుకాణం సరిహద్దు అవతల ఉంది, మనం ఇవతల ఉన్నాం. రెండింటినీ కలిపే సాక్ష్యం చేతిలోని బిల్లే. దాని మీద జీఎస్టీ నంబరు మొదటి రెండంకెలు చూడండి. 21 అంటే ఒడిశా, 37 అంటే ఆంధ్రప్రదేశ్. ఒకటి మాత్రం మరిచిపోవద్దు. మిషను నుంచి వచ్చే మెరుపు కాగితం మీద ఉండేది సిరా కాదు, వేడికి నల్లబడే పూత. పర్సులో, ఎండలో, ప్లాస్టిక్ కవరులో ఉంటే కొన్నాళ్లకు అక్షరాలు చెరిగి తెల్లకాగితం మిగులుతుంది. కొన్న రోజే ఫోన్‌లో ఫోటో తీసుకోండి.

కాగితాలతో చిక్కు మన ప్రాంతానికి ఒక్క మిక్సీతో మొదలైంది కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు బరంపురం, పర్లాకిమిడి అటు వెళ్లాయి, ఇచ్ఛాపురం మద్రాసు వైపు ఉండిపోయింది. నిన్నటిదాకా ఒకే సంతకు వెళ్లిన కుటుంబాలకు ఆ రోజు నుంచి రెండు సర్కారీ కచేరీలు, రెండు భాషల కాగితాలు. ఒడిశా, ఆంధ్రా రెండూ తమవేనంటున్న సరిహద్దు కొఠియా గ్రామాల్లో ఇప్పటికీ రెండు రాష్ట్రాల రేషన్ కార్డులున్న ఇళ్లున్నాయి. ఒక కార్డుతో పని జరగకపోతే రెండోది చూపించాలని ఆ కొండల మీది వాళ్లకు అనుభవం నేర్పింది. మైదానంలో ఉన్న మనం మాత్రం చదవలేని భాషలో ఉన్న కాగితాన్ని అడగడానికే వెనకాడుతున్నాం. ఒడియా చదవడం రాదని బయటపడుతుందనే బిడియం కూడా ఇందులో ఉంది. అడిగి చదివించుకోవడంలో సిగ్గేమీ లేదు.

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ బజార్లలో తెలుగువాళ్లు పెట్టే ఖర్చు తక్కువేమీ కాదు. అందుకే జిల్లా అధికారులను అడుగుతున్నాను. ప్రతి దుకాణం కౌంటర్ దగ్గర ఒడియాలోనూ, తెలుగులోనూ ఒక బోర్డు పెట్టించండి: "బిల్లు తీసుకోండి. లోపముంటే 30 రోజుల్లో తీసుకురండి." ఇచ్ఛాపురం బస్సు దిగి వచ్చే వాళ్లకు కనిపించేంత పెద్ద అక్షరాల్లో.