‘ఎందుకు’ అని అడగాల్సిన చోట ‘ఎందువల్ల’

కొండపి దగ్గర ఒక పొగాకు బ్యారన్, అంటే ఆకును సెగతో ఎండబెట్టే గది. రాత్రి పదకొండు దాటింది. లుంగీ ఎగ్గట్టుకున్న పెద్దాయన పొయ్యిలోకి ఒక కర్ర తోసి, లోపల వేలాడుతున్న థర్మామీటరు చూసి, మళ్లీ ఇంకో కర్ర తోశాడు.

“ఎందుకు బాబాయ్, ఇప్పటికే సెగ భరించలేకుండా ఉంది కదా?” అన్నాను.

“ఈనె ఎండాల గదయ్యా. ఆకు ఎండింది గానీ ఈనె ఇంకా పచ్చిగానే ఉంది. ఇట్టా బేలు కడితే లోపల బూజు పట్టిద్ది. వేలంలో ఎవడు కొంటాడు?”

వేడి ఎంతుందో తెలియాలంటే ఆయన థర్మామీటరు చూడాలి. తానేం చేస్తున్నాడో తెలియడానికి మాత్రం దేన్నీ చూడక్కర్లేదు. అడగ్గానే చెప్పాడు. ఎలిజబెత్ ఆన్‌స్కోంబ్ అనే బ్రిటిష్ తత్వవేత్త 1957లో రాసిన ‘ఇన్‌టెన్షన్’ పుస్తకానికి కేంద్రం ఇదే. మనిషి కావాలని చేసిన పని అంటే, ‘ఎందుకు’ అన్న ప్రశ్న చెల్లే పని. కర్ర తోయడం సెగ పెంచడానికి, సెగ ఈనె ఎండడానికి, ఈనె ఎండడం సరుకు నిలవడానికి. ఇవి నాలుగు పనులు కావు, ఒకే పనికి నాలుగు పేర్లు. అదే సమయంలో ఆయన నీడ గోడ మీద కదులుతోంది, బూడిద కాళ్ల మీద రాలుతోంది. అవీ ఆయన కదలికల వల్లే. కానీ “నీడను ఎందుకు కదిపావు?” అని అడిగితే ఆయన మనల్ని ఎగాదిగా చూస్తాడు.

ఈ తేడా తెలుగులో మొదటినుంచీ ఉంది. ఎందుకు, ఎందువల్ల. మాటల్లో రెండూ కలిపేస్తాం, చెట్టు ఎందుకు పడింది అని కూడా అంటాం. జవాబు దగ్గర మాత్రం దొరికిపోతాం. చెట్టు గాలి వల్ల పడింది. మనిషి కర్ర తోసింది ఈనె ఎండడానికి. ‘గాలి కోసం చెట్టు పడింది’ అని ఏ పిల్లాడూ అనడు.

ఇక నెల్లూరు జిల్లా దూబగుంటకు వస్తాను, నా బాధంతా అక్కడే. 1992లో ఆ ఊరి ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. తర్వాతి కథ నెల్లూరు జిల్లాలో అందరికీ తెలిసిందే. సారా వేలంపాటలు పలుమార్లు వాయిదా పడ్డాయి, 1993 ఏప్రిల్ 15న జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారాపై నిషేధం వచ్చింది. మరి దీనికి మనం చెప్పుకునే వివరణ? అక్షరాస్యత ఉద్యమం వల్ల. వాచకంలో సారాపై పోరాడిన సీతమ్మ కథ చదవడం వల్ల చైతన్యం వచ్చింది, చైతన్యం వల్ల దుకాణం మీదికి వెళ్లారు. వల్ల, వల్ల, వల్ల. వాన వల్ల చెరువు నిండింది, చెరువు నిండడం వల్ల కట్ట తెగింది అన్నట్టే ఉంది.

ఆ కథ వాళ్లను వెనకనుంచి తోయలేదు. చేయగలిగిన పని ఒకటుందని చూపించింది, వాళ్లు ఆ పనిని ఎంచుకున్నారు. కూలి డబ్బులు సారా ప్యాకెట్లకు పోకుండా ఇంటికి రావడానికి, రాత్రిళ్లు దెబ్బలు తప్పడానికి. ఇలా చెప్పిన క్షణంలోనే వాళ్లతో మాట్లాడడం సాధ్యమవుతుంది. “మీరు చేసింది సరైనదే” అనొచ్చు, “దుకాణం మూస్తే దొంగసారా వస్తుంది కదా” అని వాదించొచ్చు. వాళ్లు తిరిగి జవాబు చెప్తారు. వానతో ఎవరు వాదిస్తారు? ఉద్దేశంతో వివరిస్తే అవతలి మనిషి మన ఎదుట కూర్చుంటుంది. కారణంతో మాత్రమే వివరిస్తే బల్ల మీద పడుకోబెట్టి కోసినట్టే.

ఉద్దేశం కూడా ఒక కారణమే అంటాడు అమెరికన్ తత్వవేత్త డొనాల్డ్ డేవిడ్‌సన్. 1963 వ్యాసంలో ఆయన వేసిన ప్రశ్న గట్టిదే: ఒక పనికి తగిన ఉద్దేశం మనిషికి ఉండొచ్చు, ఆ పని చేయనూవచ్చు, కానీ ఆ ఉద్దేశంతోనే చేశాడని ఎలా అంటాం? మధ్యలో కార్యకారణ సంబంధం ఉండాలి కదా! కానీ దానికి అడ్డొచ్చే ఉదాహరణను తర్వాత ఆయనే ఇచ్చాడు. కొండెక్కుతున్నవాడు కింద తాడుకు వేలాడుతున్న మనిషి బరువు వదిలించుకోవాలనుకుంటాడు. ఆ ఆలోచనకే టెన్షన్ పుట్టి చేతి పట్టు జారిపోతుంది. కోరిక ఉంది, అదే కారణమైంది, పని మాత్రం వాడు చేయలేదు. ఆ కారణం ఎలాంటిదైతే అది పని అవుతుందో చెప్పడం తనవల్ల కాదని డేవిడ్‌సనే ఒప్పుకున్నాడు. నాకు అది చాలు.

ఆన్‌స్కోంబ్‌ది గదిలో కూర్చుని చేసిన తర్కం కాదు. హిరోషిమా, నాగసాకిలపై బాంబులకు ఆదేశమిచ్చిన అమెరికా మాజీ అధ్యక్షుడు ట్రూమన్‌కు 1956లో ఆక్స్‌ఫర్డ్ గౌరవ పట్టా ఇవ్వబోతే ఆమె బహిరంగంగా వ్యతిరేకించింది. ‘ఆయన కాగితం మీద సంతకం పెట్టాడంతే’ అంటే ఆమె ఊరుకోదు. ఆ సంతకం దేనికి అని అడుగుతుంది.

మన రాజకీయ విశ్లేషణ ఈ ప్రశ్నే మర్చిపోయింది. పాత నెల్లూరు జిల్లాలో అసెంబ్లీ స్థానాలు పది. 2019లో పదికి పదీ ఒక పార్టీకి, 2024లో పదికి పదీ దాని ప్రత్యర్థికి. ఫలితాలొచ్చిన సాయంత్రం టీవీల్లో కూర్చున్నవాళ్లు రెండుసార్లూ అదే కులాల లెక్క, అదే డబ్బు లెక్క తీశారు. ఐదేళ్లలో ఏ కులం జనాభా తలకిందులైంది? పోనీ, కులం పనిచేసిందనే అనుకుందాం. అది కూడా ఓటరు తన మనసులో వేసుకున్న లెక్కగానే పనిచేస్తుంది, మెడ పట్టి బూత్‌లోకి తోసే చెయ్యిలా కాదు. అడిగితే అబద్ధం చెప్తారు అంటారు కొందరు మిత్రులు. చెప్పనివ్వండి. అది అబద్ధమని తేల్చాలన్నా ఆ ఓటరు అసలు ఉద్దేశం వేరే ఏదో ఉందని చూపించాల్సిందే, అంటే మళ్లీ ‘ఎందుకు’ దగ్గరికే రావాలి.

ఆ రెండు ఎన్నికల మీద నేను చదివిన విశ్లేషణలు తక్కువేం కాదు. అన్నిట్లోనూ దూబగుంట ఉన్న కలిగిరి మండలం ఒక అంకెగా ఉంది. అక్కడ ఓటేసిన ఒక్క ఆడమనిషి, ఎందుకు వేసిందో తన నోటితో చెప్పిన ఒక్క వాక్యం కూడా నాకు వాటిలో దొరకలేదు.