రథచక్రం కోడిగుడ్డయిన ఆదివారం

కొత్త 55 అంగుళాల టీవీ గోడకెక్కిన ఇంట్లో మొదటి ఆదివారం ఎవరో ఒకరు ‘పాత రామాయణం పెట్టండర్రా’ అనక మానరు. 1987 జనవరి 25న మొదలై 78 ఎపిసోడ్లు నడిచిన రామానంద్ సాగర్ సీరియల్ అది. హిందీ ముక్క రానివాళ్లు కూడా వీధి వీధంతా ఒక్క టీవీ ముందు చేరి చూశారు. బొమ్మ ఎలా ఉండాలన్న దానిమీద మాత్రం పేచీ రాలేదు. రావడానికి ఆ టీవీకి ఉన్న మీటలెన్ని గనక? వెలుగు, కాంట్రాస్టు, సౌండు. నాలుగోది యాంటెన్నా. దాన్ని తిప్పడానికి ఓ పిల్లాడు మేడమీద ఉండేవాడు. ఇప్పుడా పిల్లాడే మామగారై సోఫాలో కూర్చున్నాడు. రిమోట్ అల్లుడి చేతిలో ఉంది.

టీవీలోని యూట్యూబ్‌లో ఎపిసోడ్ మొదలైంది. రథం వచ్చింది. దాని చక్రం అడ్డంగా పడుకోబెట్టిన కోడిగుడ్డులా ఉంది.

“అల్లుడుగారూ, రాముడు కాస్త ఒళ్లు చేసినట్టు లేడూ?”

“హెచ్‌డీ కదండీ మామయ్యగారూ, అన్నీ బాగా కనిపిస్తాయి.”

కనిపించడం కాదు, సాగడం. ఆ రోజుల్లో బొమ్మ కొలత 4:3, అంటే నాలుగు వంతుల వెడల్పుకి మూడు వంతుల ఎత్తు. ఇప్పటి తెర 16:9. అప్‌లోడ్ చేసిన పుణ్యాత్ముడు ఖాళీ ఎందుకని తెర నిండా లాగాడు. వెడల్పు మూడోవంతు పెరిగింది, ఎత్తు పెరగలేదు. వనవాసంలో కందమూలాలు తిన్నవాళ్లెవరూ అలా తేలరు.

సాగిందో లేదో తేల్చడానికి గుండ్రటి వస్తువు కావాలి. రథచక్రాన్ని పూర్తిగా నమ్మడానికి లేదు. రథం ఏటవాలుగా నిలబడితే సరైన బొమ్మలోనూ చక్రం గుడ్డే. నిండు చందమామ వచ్చేదాకా ఆగడం మేలు. మూలన ఉన్న ఛానల్ గుర్తుని అసలు నమ్మకూడదు. సాగదీశాక అతికించిన గుర్తయితే అదొక్కటే చక్కగా ఉండి, కింద రాజ్యమంతా అడ్డంగా బలిసి ఉంటుంది.

అల్లుడు మెనూలో పిక్చర్ సైజ్ దగ్గరికి వెళ్లాడు. అది బూడిదరంగులో ఉంది, నొక్కితే పలకదు. చాలా టీవీల్లో లోపలి యాప్‌లకి ఈ సౌకర్యం ఉండదు, బయటి బాక్సుని టీవీకి కలిపే హెచ్‌డీఎంఐ తీగలోంచి వచ్చే బొమ్మకే ఉంటుంది. అందుకని హెచ్‌డీఎంఐ 1లో ఉన్న ఆండ్రాయిడ్ సెట్‌టాప్ బాక్సులో అదే ఎపిసోడ్ పెట్టారు. మెనూకి ప్రాణం వచ్చింది. అల్లుడు టీవీ మెనూలో 4:3 నొక్కాడు. సరిగ్గా అప్పుడే మామగారు, తన వంతు సాయంగా, రెండో రిమోట్ తీసుకుని బాక్సు సెట్టింగ్స్‌లోనూ 4:3 నొక్కారు.

ముప్పావు వంతులో ముప్పావు వంతు. 122 సెంటీమీటర్ల వెడల్పున్న బొమ్మ 68.5కి వచ్చింది, ఎత్తూ 68.5. పక్కా చతురస్రం. ఇందాకటిదాకా ఊబకాయులైన అన్నదమ్ములు నెల రోజులు లంఖణం చేసినట్టు నిలువుగా తేలారు. అందుకే ఈ పని ఒక్కచోటే చెయ్యాలి, టీవీలోనో, బాక్సులోనో. ఇద్దరి చేతుల్లో రెండు రిమోట్లున్న ఇంట్లో ఇది జరిగే పని కాదు.

బాక్సుని మళ్లీ 16:9కి మార్చాక చక్రం గుండ్రమైంది. మామగారు తృప్తిగా వెనక్కి వాలారు. అల్లుడికి కొత్త బాధ పట్టుకుంది. రెండు పక్కలా చెరో అరడుగు నలుపు.

“మధ్యలో మిగిలింది 45 అంగుళాలేనండీ. ఈఎమ్ఐ 55కి కడుతున్నాం.”

మనవడు దానికీ మందు కనిపెట్టాడు. జూమ్. నలుపు పోయింది, దాంతోపాటు పైనా కిందా కలిపి పావు వంతు బొమ్మా పోయింది. రావణుడి తలలు అడ్డంగా వరసకట్టి ఉంటాయి గనక బతికాయి. కిరీటాలు దక్కలేదు.

“ఒరేయ్, పట్టాభిషేకంలో ఏం చూపిస్తావురా? పాదాలూ లేవు, కిరీటమూ లేదు” అని తాతయ్య రిమోట్ లాక్కుని 4:3కి మార్చేశారు.

తర్వాత యుద్ధం. రెండు వైపుల నుంచీ బయల్దేరిన బాణాలు నింపాదిగా వచ్చి మధ్యలో ఢీకొంటాయి కదా, ఆ బాణాల చుట్టూ నీళ్లలో కదిలినట్టు ఒక మసక. ఇది మాయాయుద్ధం కాదు. టీవీయే లేని బొమ్మల్ని ఊహించి మధ్యలో దూర్చేస్తోంది. ఎల్‌జీలో ట్రూమోషన్ అనీ, సోనీలో మోషన్‌ఫ్లో అనీ ఉంటుంది. పాత సీరియల్‌కి దాన్ని ఆపెయ్యడమే. షార్ప్‌నెస్‌ కూడా బాగా దించాలి. అప్పటి దూరదర్శన్ బొమ్మలో కనిపించే గీతలు 576, 4కె తెరకి ఉన్న వరసలు 2160. ఒక్కో గీతని దాదాపు నాలుగు వరసలుగా పరచాలి. షార్ప్‌నెస్ పెంచితే వివరం ఎక్కణ్ణుంచి వస్తుంది? టేపులోని రవ్వే మొహాలమీద స్ఫోటకం మచ్చల్లా లేస్తుంది. రంగుల్ని రెచ్చగొట్టే వివిడ్ మోడ్ సంగతి చెప్పక్కర్లేదు, పీతాంబరం అంటుకుని మండుతుంది.

ఈ పాత రకం బొమ్మకి పాత లెక్క ఒకటుంది. బొమ్మ ఎత్తుకి ఆరు రెట్ల దూరంలో కూర్చోవాలి. 68.5 ఆర్లు 411 సెంటీమీటర్లు, పదమూడున్నర అడుగులు. పన్నెండడుగుల హాల్లో ఎవరికీ సాధ్యపడని ఆ దూరంలో, వంటింటి గుమ్మంలో కూర్చుని, అమ్మమ్మ గోరుచిక్కుళ్లు తుంచుతోంది.

“ఏమిటర్రా ఇందాకణ్ణుంచీ ఆ నొక్కుడు? బొమ్మ బాగానే ఉందిగా!”

మనవడు ఒకటిన్నర వేగం పెట్టబోయాడు. 35 నిమిషాల ఎపిసోడ్ 23 నిమిషాల్లో అయిపోతుందట. దశరథుడు గబగబా ఏడవడం ఎవరికీ నచ్చలేదు.

సాయంత్రం క్రికెట్. పక్కింటివాళ్లని కూడా పిలిచారు. టాస్ వేస్తున్నారు, ఇద్దరు కెప్టెన్లూ వెదురుబద్దల్లా ఉన్నారు. అల్లుడు సిగ్నల్ లోపమనుకుని బాక్సు ఆపి మళ్లీ ఆన్ చేశాడు. తీగ పీకి పెట్టాడు. అదే తీరు. చాలా టీవీలు పిక్చర్ సైజుని ఒక్కో పోర్టుకి విడివిడిగా గుర్తుపెట్టుకుంటాయి. పొద్దున తాతయ్య నొక్కిన 4:3 హెచ్‌డీఎంఐ 1కి అలాగే అంటుకుని ఉంది. ఆ ముక్క చెప్పాల్సిన తాతయ్య రెండో రిమోట్ తలగడ కింద పెట్టుకుని లోపల గురకపెడుతున్నారు. మొదటి రిమోట్ కోసం అందరూ సోఫా సందుల్లో వెతుకుతున్నారు.

అమ్మమ్మ కళ్లజోడు సర్దుకుని తెర దగ్గరికొచ్చి చూసింది.

“పాపం, ఇంత ఆడిస్తున్నారు, ఈ పిల్లలకి తిండి పెట్టట్లేదా ఏమిటి బాబూ?”