రెండో కంట్రోలర్ ఎవరి చేతిలో?

పిల్లలు రోజుకు ఎన్ని గంటలు వీడియో గేమ్‌లు ఆడొచ్చన్న వాదన ఇళ్లలో ఎప్పటికీ తెగదు. గంటల లెక్క ఉండాల్సిందే. కానీ ఎవరితో ఆడుతున్నారన్నది అంతకంటే ముందు చూడాలి. గేమ్‌ని పిల్లల గదిలోంచి హాల్లోకి తెస్తే మూడు తరాలకూ కలిసి కూర్చునే వంక ఒకటి దొరుకుతుంది. అయితే పెద్దవాళ్ల చేతిలో కంట్రోలర్ పెట్టి "ఆడండి" అంటే సరిపోదు.

కొత్తవాళ్లను ముందుగా తికమకపెట్టేవి కంట్రోలర్ మీద బొటనవేళ్లతో తిప్పే ఆ రెండు చిన్న పుల్లలు, అంటే స్టిక్‌లు. ఎడమ బొటనవేలితో నడవాలి, అదే సమయంలో కుడి బొటనవేలితో చూపు తిప్పాలి. అలవాటు లేనివాళ్లు కాసేపటికే ఆకాశాన్నో నేలనో చూస్తూ ఉండిపోతారు. పిల్లలు విసుగొచ్చి కంట్రోలర్ లాక్కుంటారు. ఆట అక్కడితో సరి. ఎక్స్‌బాక్స్ అనే గేమ్ కన్సోల్‌లో దీనికో మంచి ఉపాయం ఉంది. రెండు కంట్రోలర్లు కలిసి ఒకే ఆటగాడిని నడిపే సదుపాయం సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద దొరుకుతుంది. కోపైలట్ అన్న పేరుతో వచ్చింది. తాతయ్య నడిపిస్తే మనవరాలు కెమెరా చూసుకుంటుంది. ఇద్దరూ మాట్లాడుకోకపోతే ఒక్క అడుగు కూడా పడదు. నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే.

తర్వాత చూడాల్సింది టీవీ. బొమ్మకు మెరుగులు దిద్దడానికి టీవీ సమయం తీసుకుంటుంది కాబట్టి, బటన్ నొక్కిన కాసేపటికి గానీ తెర మీద కదలిక కనిపించదు. సెకనుకు 60 ఫ్రేములు, అంటే 60 బొమ్మలు, నడిచే ఆటలో ఒక్కో ఫ్రేము సుమారు 17 మిల్లీసెకన్లు. టీవీ 100 మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తే ఆరు ఫ్రేములు పోయినట్టే. "ఇది నావల్ల కాదు" అని పెద్దవాళ్లు పక్కన పెట్టేసే ముందు టీవీలో ఈ మెరుగులను తగ్గించే గేమ్ మోడ్ ఆన్ చేసి చూడండి. కళ్లు తిరుగుతుంటే ఆట సెట్టింగ్స్‌లో మోషన్ బ్లర్ (కదిలేటప్పుడు బొమ్మ మసకబారడం), కెమెరా కుదుపు ఆపేయండి, ఫీల్డ్ ఆఫ్ వ్యూ (ఒకేసారి కనిపించే దృశ్యం వెడల్పు) కొంచెం పెంచండి, తెరకు దూరంగా జరగండి. అప్పటికీ తగ్గకపోతే ఆ రోజుకు చాలించాలి. ఓర్చుకుని ఆడితే వికారం ఇంకా పెరుగుతుంది.

మొదటి ఆటగా మైన్‌క్రాఫ్ట్ క్రియేటివ్ మోడ్ మంచిది. ఆకలి ఉండదు, భూతాలు మీద పడవు, ఇటుక మీద ఇటుక పేర్చుకుంటూ పోవడమే. కన్సోల్‌లో నలుగురిదాకా ఒకే తెరను పంచుకోవచ్చు. కొనేముందు ఒకటి గుర్తుంచుకోండి: కంప్యూటర్‌లో నడిచే జావా ఎడిషన్‌కు ఇలా తెరను పంచుకునే స్ప్లిట్ స్క్రీన్ లేదు, జావాలో ఉన్నవాళ్లు కన్సోల్‌లో నడిచే బెడ్‌రాక్ ఎడిషన్‌లో ఉన్నవాళ్లతో కలవలేరు కూడా. జంటలకు 2021లో వచ్చిన ఇట్ టేక్స్ టూ కొనమని చాలామంది చెబుతుంటారు. ఆట చక్కగానే ఉంటుంది గానీ, అన్నీ గురిచూసి దూకాల్సిన చోట్లే. స్టిక్‌లు చేతికి అలవాటయ్యాకే దాని జోలికి వెళ్లాలి.

వేర్వేరు టైమ్ జోన్లలో ఉన్నవాళ్లకు లీచెస్ అనే చదరంగం వెబ్‌సైట్‌లోని కరస్పాండెన్స్ ఆట, అంటే వీలైనప్పుడు ఒక్కో ఎత్తు వేస్తూ రోజుల తరబడి ఆడేది, బాగా కుదురుతుంది. ఉచితం, ప్రకటనల గోల లేదు. ఒక్కో ఎత్తుకు 1 రోజు నుంచి 14 రోజుల దాకా గడువు పెట్టుకోవచ్చు. ఒక్కరోజు గడువు పెట్టుకుంటే ఎవరో ఒకరు ప్రయాణంలో ఉండి, గెలిచే ఆటను గడియారానికి వదిలేస్తారు. 3 రోజులు పెట్టుకోండి. రేటింగ్ గొడవ లేకుండా క్యాజువల్ ఎంచుకోండి, నోటిఫికేషన్లు ఆన్‌లో ఉంచండి. ఇద్దరి బలాల్లో బాగా తేడా ఉంటే పావులను మనకు కావాల్సినట్టు పెట్టుకుని మొదలుపెట్టే ఫ్రమ్ పొజిషన్‌లోకి వెళ్లి, బాగా ఆడేవాళ్ల మంత్రిని ముందే తీసేసి మొదలుపెట్టొచ్చు. మంత్రి లేకుండా ఆడటానికి మనవడు ఒప్పుకుంటాడా అన్నది మీరూ వాడూ తేల్చుకోవాల్సిన సంగతి.