నెమ్మదికి కారణం ఓఆర్ఎం పొర ఒక్కటే కాదు
ఓఆర్ఎం (కోడ్‌లోని ఆబ్జెక్ట్‌లను డేటాబేస్ టేబుళ్లతో జతచేసే పొర) వాడితే అప్లికేషన్ నెమ్మదిస్తుంది, డేటాబేస్ సొంత ఏపీఐతో నేరుగా మాట్లాడితేనే వేగం అని ఒక వ్యాసంలో చదివాను, ఆ మాటతో సగమే ఏకీభవిస్తాను. మా ఆర్డర్ల పేజీ తెరుచుకోవడానికి చాలా సేపు పట్టేది, అందరం మేం వాడే జావా ఓఆర్ఎం హైబర్నేట్‌నే తిట్టుకున్నాం. తీరా ఎస్‌క్యూఎల్ లాగ్ (డేటాబేస్‌కి వెళ్లే ప్రతి ప్రశ్న, అంటే క్వెరీ, నమోదయ్యే చోటు) ఆన్ చేసి చూస్తే, 200 ఆర్డర్లు తేవడానికి ఒక క్వెరీ, ఆ తర్వాత ఒక్కో ఆర్డర్‌లోని వస్తువుల కోసం మళ్లీ ఒక్కో క్వెరీ, మొత్తం 201. క్వెరీలో జాయిన్ ఫెచ్ (ఆర్డర్లనీ వాటి వస్తువులనీ ఒకేసారి తెమ్మనే సూచన) చేర్చగానే అవన్నీ కలిసి ఒక్కటయ్యాయి. డేటాబేస్ సొంత ఏపీఐతో లూప్‌లో రాసినా అదే గతి పట్టేది కదా! అయితే లక్షల వరుసలు ఒకేసారి ఎక్కించాల్సి వచ్చినప్పుడు మాత్రం వ్యాసకర్త చెప్పిందే నిజం. హైబర్నేట్ సేవ్ చేసిన ప్రతి ఆబ్జెక్ట్‌నీ సెషన్‌లో (తన తాత్కాలిక నిల్వలో) పట్టుకుని కూర్చుంటుంది, మధ్యమధ్యలో ఫ్లష్ (డేటాబేస్‌కి పంపడం), క్లియర్ (సెషన్ ఖాళీ చేయడం) చేయకపోతే మెమరీ నిండిపోతుంది. పైగా ప్రైమరీ కీకి (ప్రతి వరుసనీ గుర్తించే నంబరుకి) ఐడెంటిటీ పద్ధతి, అంటే ఆ నంబరును డేటాబేసే ఇచ్చే పద్ధతి, పెడితే ఇన్సర్ట్‌ల బ్యాచింగ్‌ని (కొత్త వరుసలను కట్టలుగా పంపడాన్ని) హైబర్నేట్ చడీచప్పుడు లేకుండా ఆపేస్తుంది. (బ్యాచ్ సైజు 50 అని సెట్టింగ్స్‌లో రాసుకుని నేను నిశ్చింతగా ఉన్నాను మరి.) చివరికి ఆ ఒక్క పనినీ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో వరుసలను మూకుమ్మడిగా ఎక్కించే కాపీ కమాండ్‌కి అప్పగించాం. మిగతా కోడంతా ఇప్పటికీ ఓఆర్ఎం మీదే నడుస్తోంది. అదీ తీసేసి ప్రతి టేబుల్‌కీ చేత్తో మ్యాపింగ్ రాసుకోమంటే నా వల్ల కాదు.